బారికేడ్ దగ్గర చోటు ఎవరిది?

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం మనకు కొత్త విద్య కాదు. సీటుకు అంచులుంటాయి కాబట్టి రుమాలు చెల్లుతుంది. రాక్ కచేరీలో వేదిక ముందు నిలబడి చూసే జాగాకు అంచులే ఉండవు. టికెట్ మీద ‘స్టాండింగ్’ అని మాత్రం ఉంటుంది. పొద్దున్నే వచ్చి, ఎండకు మాడి, బారికేడ్ పట్టుకున్నవాడు ఆ చోటు తనదే అంటాడు. బ్యాండు వేదికెక్కే వేళకు వెనక నుంచి తోసుకొచ్చినవాడు అదే ధరకు తానూ టికెట్ కొన్నానంటాడు. ఇద్దరూ పొరబడుతున్నారనే నా అభిప్రాయం. ఆ చోటు టికెట్‌తో రాదు, పొద్దున్నే రావడంతోనూ రాదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒప్పుకున్నంత వరకే అది మనది.

క్యూల మీద జరిగిన పరిశోధనలు ఈ మాటకు బలమిస్తాయి. 1960లలో మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ టికెట్ల కోసం రాత్రంతా కాచుకునే క్యూలను లియోన్ మాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించాడు. ఎవరూ రాసిపెట్టకుండానే అక్కడ జనం కట్టుబాట్లు ఏర్పరచుకున్నారు. కాసేపు వెళ్లొచ్చేవాడి చోటు నిలిపి ఉంచేవారు, వంతులేసుకుని నిలబడటాన్ని ఒప్పుకునేవారు, అదేపనిగా మాయమైనవాడిని మాత్రం మన్నించేవారు కాదు. న్యూయార్క్‌లో స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం 129 క్యూలలోకి కావాలనే మనుషులను దూర్చి చూసింది. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. ఒక్కడు దూరితే సుమారు సగం క్యూలలోనే అభ్యంతరం వచ్చింది. ఇద్దరు దూరితే పదింట తొమ్మిదింటిలో వచ్చింది. నోరు విప్పింది ఎక్కువగా దూరినవాడికి సరిగ్గా వెనక ఉన్నవాళ్లే. కచేరీ గుంపులోనూ తీర్పు చెప్పేది వాళ్లే. మంచినీళ్లకో బాత్రూముకో వెళ్లే మనిషి పక్కవాళ్లకు చెప్పి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు దారిస్తారు. అతను పట్టేంత చోటు వాళ్ల లెక్కలో ముందే ఉంది. ఒక్కడు ముందు నిలబడి, చీకటి పడ్డాక ఫోన్ చేసి ఐదుగురిని పిలిపించుకుంటే మాత్రం ఆ ఐదుగురికీ చోటు ఇంకొకరి ఒంటిని నొక్కే రావాలి.

ముందొచ్చినవాడికే ముందు చోటు దక్కడం న్యాయం కాదా అని అడగవచ్చు. న్యాయమే, కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుంటే ఏమవుతుందో 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో తేలింది. ‘ద హూ’ బ్యాండు కచేరీకి అమ్మిన టికెట్లలో ఎక్కువ భాగం సీటు నంబరు లేనివి. ఎవరు ముందు లోపలికి పోతే వాళ్లకు మంచి చోటు. బయట గంటల తరబడి కాచుకున్న వేలమందికి తెరిచిన తలుపులు కొన్నే. లోపల పాట మొదలైందనుకుని వెనకవాళ్లు ముందుకు నెట్టారు. 11 మంది చనిపోయారు. సీటు నంబరు లేని టికెట్లను ఆ నగరం నిషేధించింది, ఆ నిషేధం 2004 దాకా సాగింది. మధ్యలో 2002లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీకి ఒక్కసారి మినహాయింపు ఇచ్చారు. అతని కచేరీల్లో వాడిన పద్ధతి చూడదగ్గది. చెప్పిన సమయంలోగా వచ్చినవారికి వరస నంబర్లున్న పట్టీలు చేతికి కట్టి, చీటీ తీసి, ఏ నంబరు వస్తే అక్కణ్నుంచి క్యూ మొదలుపెడతారు. ముందు రాత్రే వచ్చి పడుకున్నా ఒరిగేదేమీ లేదని తెలిశాక పరుగు తీసే పనుండదు. వీరాభిమానికి ఇది అన్యాయంగానే తోస్తుంది. అతని బాధ అర్థమవుతుంది గానీ, ఆరాటానికి బహుమతి ఇస్తూ పోతే తోపులాట పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇదంతా వట్టి మర్యాద గొడవ అని తీసిపారేయడానికి లేదు. చదరపు మీటరుకు ఏడుగురి దాకా చేరితే గుంపు దాదాపు ద్రవంలా కదులుతుందని జాన్ ఫ్రూయిన్ అనే ఇంజినీరు రాశాడు. అప్పుడు ఎవరి కాళ్లూ వాళ్ల మాట వినవు. ఇలాంటి ప్రమాదాల్లో చాలామంది నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక చనిపోతారు. అలాగైతే తప్పు నిర్వాహకులది కదా, ప్రేక్షకుడికి నీతులెందుకు? పెద్ద తప్పు వాళ్లదేనని నేనూ అంటాను. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో పెర్ల్ జామ్ బ్యాండు వాయిస్తుండగా 9 మంది చనిపోయాక గానీ, అక్కడ వేదిక ముందు జాగాను కంచెలతో విడదీసి లెక్క ప్రకారం మనుషులను పంపడం మొదలు కాలేదు. మన దేశంలోనూ 2011లో గుర్‌గావ్‌లో జరగాల్సిన మెటాలికా షో బారికేడ్ దెబ్బతిని ఆగిపోయింది. అయితే ఎంత మంచి కంచె కట్టినా, దాని లోపల ఎవరి మోచెయ్యి ఎవరి పక్కటెముకలకు తగులుతోందో నిర్వాహకుడికి కనిపించదు. వెనక నుంచి నెట్టేవాడికి అసలే కనిపించదు. కనిపించేది పక్కవాళ్లకే. రాక్ అంటేనే కట్టుబాట్లు తెంచుకోవడం కదా అనేవారు మాష్ పిట్‌ను గమనించాలి. కావాలని ఒకరినొకరు గుద్దుకుంటూ గంతులేసే ఆ గుంపులో కూడా ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి లేపాలన్నది అందరికీ తెలిసిన నియమం.

కచేరీకి స్నేహితులతో వెళ్తే అందరూ కలిసే లోపలికి వెళ్లండి. ఆలస్యమైతే వెనకే ఆగండి. సౌండ్ ఇంజినీరు తన మిక్సింగ్ బల్ల వేసుకునేది బారికేడ్‌కు చాలా దూరంగా, మైదానం మధ్యలో. పాట సరిగా వినిపించేది అక్కడే.