ముప్పై దాటాక సైన్యం పిలుపు

సిపాయి కావడానికి వయసు మించిపోయినవారికీ సైన్యంలో ఒక తలుపు తెరిచి ఉంది. మంత్రం, నమాజు, ప్రార్థన తెలిసినవారికే ఆ దారి. అయితే పరుగూ తప్పదు, పరీక్షా తప్పదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ ఊళ్లో కుర్రాళ్లు పద్దెనిమిదో ఏటికల్లా సైన్యంలో చేరడానికి సిద్ధమైపోతారు. మరీ ఆలస్యం చేసే వీలు కూడా లేదు. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం నిర్దేశించిన వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు. ఆ ఒక్క ఏడాదికి మాత్రం 23 ఏళ్లకు సడలించారు. అదే ఏడాది సైన్యం మరో ప్రకటన ఇచ్చింది. అందులో కనీస వయసే 25. గరిష్ఠ వయసు 36. పిలిచింది పండితులను, గ్రంథీలను, మౌల్వీలను, పాద్రీలను, బౌద్ధ భిక్షువులను.

సైనిక పరిభాషలో వీళ్లు 'రెలిజియస్ టీచర్లు'. జవాన్ల నోట ధరమ్ గురువులు. చేరిన రోజే వీరికి దక్కేది నాయబ్ సుబేదార్ హోదా. అది జూనియర్ కమిషన్డ్ అధికారుల శ్రేణిలో మొదటి మెట్టు. సిపాయిగా చేరినవాడు ఆ మెట్టు ఎక్కడానికి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అగ్నివీరులకున్న నాలుగేళ్ల గడువు వీరికి లేదు.

2019లో ఈ కొలువుకు గరిష్ఠ వయసు 34. మూడేళ్లకు అది 36కు చేరింది. అప్పటికి మనిషి పెళ్లి చేసుకుని, పిల్లల తండ్రయి, ఊళ్లో గుడినో మసీదునో నమ్ముకుని స్థిరపడి ఉంటాడు. అవన్నీ వదిలి మళ్లీ శిక్షణ మైదానంలో నిలబడటం తేలిక కాదు. అలాంటివాణ్ని కదిలించేది దేశభక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. నాయబ్ సుబేదార్ మూలవేతనం ఏడో వేతన సంఘం ప్రకారం నెలకు రూ. 35,400తో మొదలవుతుంది. దానిపై సైనిక సేవా వేతనం రూ. 5,200, ఇతర భత్యాలు అదనం. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయం లేని చిన్న గుళ్లకు ధూపదీప నైవేద్యం పథకం కింద ఇచ్చే మొత్తాన్ని 2024లో రూ. 5,000 నుంచి రూ. 10,000కు పెంచారు. అర్చకుడి జీవనభృతి, దేవుడి నైవేద్యం రెండూ అందులోంచే సాగాలి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ముప్పై దాటిన అర్చకుడు సైన్యం ప్రకటన వైపు ఎందుకు చూస్తాడో వేరే చెప్పనక్కరలేదు.

మూడు గడపలు

కానీ చూసిన ప్రతివారికీ అది అందదు. దాటాల్సిన గడపలు మూడున్నాయి. మొదటిది డిగ్రీ. ఏ మతంవారైనా పట్టభద్రులై ఉండాలి. రెండోది మత విద్యలో అర్హత. పండితుడికి సంస్కృతంలో ఆచార్య పట్టా కావాలి. లేదంటే శాస్త్రి పట్టాతోపాటు కర్మకాండలో ఏడాది డిప్లొమా ఉండాలి. గ్రంథీకి పంజాబీలో జ్ఞానీ, మౌల్వీకి అరబిక్‌లో మౌల్వీ ఆలిమ్ లేదా ఉర్దూలో అదీబ్ ఆలిమ్ తప్పనిసరి. పాద్రీ అయితే గురు దీక్ష పొంది, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో కొనసాగుతూ ఉండాలి.

మూడో గడప శరీరం. 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. సాధారణంగా 160 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గూర్ఖాలు, లద్దాఖీలు, ద్వీపవాసులకు కొంత సడలింపు ఉంది. ఆ తర్వాత వైద్య పరీక్ష, రాత పరీక్ష, ఇంటర్వ్యూ. రాత పరీక్షలో ఒక పేపరు సాధారణ విజ్ఞానం, రెండోది అభ్యర్థి మతానికి సంబంధించినది.

తెలుగు నేల మీద ఈ నిబంధనలు కొందరికి కలిసొస్తే మరికొందరికి అడ్డుపడతాయి. తిరుపతిలోని సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి, ఆచార్య పూర్తిచేసినవారికి దారి సుగమమే. 2020లో కేంద్ర విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆ సంస్థ పట్టాను ఎక్కడా ఎవరూ ప్రశ్నించరు. చిన్నప్పుడే వేద పాఠశాలలో చేరి పన్నెండేళ్లపాటు వేదాన్ని కంఠస్థం చేసినవాడి సంగతి వేరు. చేతిలో డిగ్రీ లేకపోతే ఘనాపాఠీ అయినా తొలి గడప దగ్గరే ఆగిపోతాడు. మదరసాలో ఆలిమ్ చేసి కళాశాల మెట్లెక్కని యువకుడిదీ అదే పరిస్థితి. కోస్తా జిల్లాల్లో వాడవాడలా వెలసిన స్వతంత్ర చర్చిల పాస్టర్లకు బిషప్ అనే వ్యవస్థే లేదు కనుక వారికి ఆ జాబితా నిబంధనే గోడవుతుంది. సీఎస్ఐ, కేథలిక్ సంఘాల గురువులకు ఆ చిక్కు లేదు.

ఖాళీల లెక్క కూడా ఆలోచింపజేసేదే. 2019 ప్రకటనలోని 152 పోస్టుల్లో గూర్ఖా రెజిమెంట్ల పండితులతో కలిపి పండితులవి 125. గ్రంథీలకు 9, మౌల్వీలకు 10, పాద్రీలకు 4, బౌద్ధ భిక్షువులకు 4 కేటాయించారు. 2022లో మొత్తం 128కి తగ్గింది. అందులో పండితులు 113 మంది కాగా పాద్రీలు ఇద్దరే, బౌద్ధ భిక్షువు ఒక్కరే. మౌల్వీలు నలుగురు. వారిలో ఒకరు లద్దాఖ్ స్కౌట్స్ కోసం ప్రత్యేకంగా తీసుకునే షియా మౌల్వీ. రెండు ప్రకటనలూ పురుషులకే పరిమితం.

పూజ ఒక్కటే కాదు

నిబంధనల్లో రాసిన విధుల జాబితా చదివితే ఈ ఉద్యోగం బరువు తెలుస్తుంది. యూనిట్ ప్రార్థనా స్థలంలో నిత్య విధులు, పండుగలు సరే. అంత్యక్రియలకు హాజరు కావాలి. ఆసుపత్రిలో ఉన్న జవాన్లను పలకరించి కోలుకుంటున్నవారితో కలిసి ప్రార్థించాలి. శిక్ష అనుభవిస్తున్న సైనికుల వద్దకు వెళ్లాలి. జవాన్ల కుటుంబాలకు, పిల్లలకు మత బోధ చేయాలి. శిక్షణ ముగించిన కొత్త సిపాయి తన మత గ్రంథం సాక్షిగా ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌లోనూ వీరిదే ప్రధాన పాత్ర.

ఊళ్లో పురోహితుడు గడప తొక్కేది ఎక్కువగా పెళ్లికీ, గృహప్రవేశానికీ. ఇక్కడ ఆయన ముందున్నవాళ్లు ఇంటికి వందల మైళ్ల దూరంలో ఉన్న పాతికేళ్లలోపు కుర్రాళ్లు. పొలం తగాదా, అప్పు, భార్యతో ఫోన్లో గొడవ, నిన్నటిదాకా పక్క మంచంపై పడుకున్న మిత్రుడి మరణం... కంపెనీ కమాండర్‌తో చెప్పుకోలేని మాటలు ధరమ్ గురువుతో చెప్పుకోవచ్చు. సైన్యం ఇరవై ఏళ్లవాణ్ని కాక, సంసారం తెలిసినవాణ్ని ఈ పనికి కోరుకోవడంలో అర్థం ఉంది. ఓదార్చేవాడికి కనీసం ఒక కష్టం గడిచిన అనుభవం ఉండాలి. మరి ఆయన కుటుంబం సంగతి? క్షేత్ర ప్రాంతాల్లో పోస్టింగ్ వస్తే ఆలుబిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు సాధారణంగా ఉండదు. ఎడబాటు గురించి జవానుకు ధైర్యం చెప్పే మనిషి కూడా ఎడబాటులోనే ఉంటాడు.

ఎంపికైనవారు పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ పొందుతారు. అక్కడ పండితుడు, మౌల్వీ, పాద్రీ, గ్రంథీ కలిసి చదువుకుంటారు. ఎదుటివారి మతంలోని మౌలికాంశాలు నేర్చుకుంటారు. అన్ని మతాలవారూ ఉండే యూనిట్లలో సర్వధర్మ స్థల్ పేరుతో ఒకే కప్పు కింద ప్రార్థనా స్థలాలుంటాయి. జమ్మూ కశ్మీర్ లైట్ ఇన్‌ఫాంట్రీలో దీన్ని మందిర్, మసీద్, గురుద్వారాల తొలి అక్షరాలతో ఎంఎంజీ అంటారు.

గీత ఎక్కడ?

ఈ సామరస్యానికీ ఒక పరీక్ష ఎదురైంది. థర్డ్ కావల్రీ రెజిమెంట్‌లో సిక్కు జవాన్ల స్క్వాడ్రన్‌లో ట్రూప్ నాయకుడిగా ఉన్న క్రైస్తవ అధికారి ఒకరు వారపు మతపరమైన పరేడ్లకు జవాన్లతో వెళ్లేవారు. గర్భాలయంలోకి మాత్రం వెళ్లనన్నారు. 2021లో ఆయనను తొలగించారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించాయి. ప్రార్థనా స్థలంలోకి వెళ్లమనడం జవాన్ల మనోబలం కోసం ఇచ్చిన ఆదేశమని, దాన్ని కాదనడం క్రమశిక్షణా రాహిత్యమని హైకోర్టు భావించింది. రాజ్యాంగం ఇచ్చిన మత స్వేచ్ఛ గర్భాలయం గడప దగ్గర ఎందుకు ఆగిపోవాలని విమర్శకుల ప్రశ్న. జవానుతో కలిసి మొక్కని అధికారిని యుద్ధంలో జవాను నమ్ముతాడా అన్నది సైన్యం వాదన. మతాన్ని మనోబలానికి సాధనంగా వాడుకునే వ్యవస్థలో ధరమ్ గురువు ఎవరికి జవాబుదారీ, తన దేవుడికా, కమాండింగ్ అధికారికా అన్న ప్రశ్న ఈ తీర్పుల వెనకే నిలిచి ఉంది.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబులు వేరు. 1949 నాటి జెనీవా ఒప్పందం సైనిక మత గురువులకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. శత్రువు చేతికి చిక్కినా వారు యుద్ధఖైదీలు కారు. అమెరికాలో చాప్లిన్ ఆయుధం పట్టడు, కానీ కమిషన్డ్ అధికారి. ఇరాక్‌లో పనిచేసిన భారత సంతతి మహిళ ప్రతిమా ధర్మ్ 2011లో అమెరికా సైన్యంలో తొలి హిందూ చాప్లిన్ అయినప్పుడు ఆమె వయసు 40 ఏళ్లు. ఆమెకు ఆమోదముద్ర వేసింది చిన్మయ మిషన్ వెస్ట్. బ్రిటన్ సైన్యం 2005లో హిందూ, ముస్లిం, సిక్కు, బౌద్ధ మత గురువులను తొలిసారి నియమించింది.

నలభై ఏళ్ల వయసు సైనిక గురువుకు అడ్డం కాదని చెప్పే ఉదాహరణ మన చరిత్రలోనూ ఉంది. బెంగాల్ మత శాఖకు చెందిన పాద్రీ జేమ్స్ విలియం ఆడమ్స్ 1879 డిసెంబరు 11న అఫ్ఘాన్ యుద్ధంలో నీటి గుంటలో గుర్రాల కింద చిక్కుకుపోయిన సైనికులను లాగి కాపాడి విక్టోరియా క్రాస్ పొందారు. అప్పటికి ఆయన వయసు 40.

మన సైన్యం 2022 ప్రకటనలో 36 దగ్గర గీత గీసింది. 1,600 మీటర్ల పరుగుకు ఆ గీత సబబే కావచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి ఏ వయసు సరైనదో మాత్రం ఏ ప్రకటనలోనూ రాయలేరు.