స్కాన్ ఒక్కటే, బొమ్మ వేరు

సి.టి. స్కాన్ గది బయట కూర్చున్న కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “మా బంధువులకు పుర్రె గుండ్రంగా తిరిగే బొమ్మ చూపించారట, మాకూ చూపిస్తారా? దానికి మళ్లీ స్కాన్ తీయాలా?” సంఘ పెద్దలు, దాతలు ఇంకో విధంగా అడుగుతారు. “స్కాన్ మిషన్ ఉంది కదా, మళ్లీ ఇంత ఖరీదైన కంప్యూటర్ ఎందుకు?” రెండూ న్యాయమైన ప్రశ్నలే. త్రీడీ బొమ్మ ఎక్కడ, ఎలా తయారవుతుందో తెలిస్తే రెండింటికీ జవాబు దొరుకుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. త్రీడీ బొమ్మ కోసం వేరే స్కాన్ ఏదీ లేదు. సి.టి. మిషన్ చేసేదల్లా శరీరాన్ని అడ్డంగా, పొరలు పొరలుగా చూపించడమే. వేపుడుకు అరటికాయను చక్రాలుగా తరిగినట్టు ఊహించుకోండి. ఆ చక్రాలన్నింటినీ మళ్లీ వరసగా పేర్చితే కాయ రూపం తిరిగి వస్తుంది. ఆ పేర్చే పని కంప్యూటర్‌ది. అప్పటికి రోగి బల్ల దిగి వార్డుకో, ఇంటికో వెళ్లిపోయి ఉండవచ్చు. కాబట్టి ఆ బొమ్మ తయారీ వల్ల అదనంగా ఒక్క ఎక్స్‌రే కిరణం కూడా రోగి మీద పడదు.

చక్రాలు మందంగా తరిగితే పేర్చిన కాయ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. 5 మిల్లీమీటర్ల పొరలతో చేసిన దవడ బొమ్మ కూడా అంతే. 1 మిల్లీమీటరు, అంతకంటే పల్చని పొరలతో చేస్తే నునుపుగా వస్తుంది. కంప్యూటర్‌కు కష్టం మొదలయ్యేది కూడా ఇక్కడే.

చిన్న లెక్క చూద్దాం. ఒక పొర చిత్రంలో సాధారణంగా అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కకూ ఒక అంకె. గాలికి మైనస్ 1000, నీటికి 0, గట్టి ఎముకకు 1000 లేదా ఇంకా ఎక్కువ. ఒక్కో అంకెను దాచడానికి 2 బైట్లు కావాలి. అంటే ఒక పొరకు అర మెగాబైటు. మందపాటి పొరలు 40 అయితే మొత్తం 20 మెగాబైట్లు, ఏ పాత కంప్యూటరైనా మోస్తుంది. పల్చని పొరలు 1000 అయితే 500 మెగాబైట్లు. బొమ్మ చేసే సాఫ్ట్‌వేర్ అసలు చిత్రాలను ఒకచోట, ఎముకను విడదీసిన నకలును మరోచోట, పైపొర ఆకారాన్ని ఇంకోచోట పెట్టుకుంటుంది. అలా ఆ 500 కాస్తా రెండు మూడు గిగాబైట్లు అవుతుంది.

ఈ పరుగు ఎక్కడ మొదలైందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగికి సి.టి. స్కాన్ తీశారు. ఆ మిషన్ రూపకర్త గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తొలి చిత్రంలో ఉన్నవి అడ్డంగా 80, నిలువుగా 80 చుక్కలు మాత్రమే. 1987లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన లోరెన్‌సెన్, క్లైన్ అనే ఇద్దరు, పొరల నుండి ఎముక పైభాగాన్ని గీయించే ఒక లెక్కను ప్రచురించారు. నేటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్లు ఆ పద్ధతినే వాడుతున్నాయి.

పిల్లలకు తెలిసిన ఒక పేరు కూడా ఈ కథలో ఉంది. 1995లో “టాయ్ స్టోరీ” తీసిన పిక్సార్ సంస్థ 1986లో అమ్మింది సినిమాలు కాదు, కంప్యూటర్లు. వాటిని కొంటారని ఆశించిన వారిలో ఆసుపత్రులు కూడా ఉన్నాయి. శరీరం లోపలి పొరలను పారదర్శకంగా, రంగులతో చూపించే పద్ధతిని ఆ సంస్థవారు 1988లో ప్రచురించారు. మిషన్ ఖరీదు 1,35,000 డాలర్లు. దాన్ని నడపడానికి ఇంకో కంప్యూటర్ వేరుగా కొనాలి! అందుకే పెద్దగా అమ్ముడుపోలేదు. ఆనాడు అంత ఖర్చైన పని ఈనాడు ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మామూలు కంప్యూటర్ చేసేస్తోంది. మనలాంటి మధ్యతరహా ఆసుపత్రులు ఈ బొమ్మల గురించి ఆలోచించగలుగుతున్నాయంటే కారణం ఇదే.

ముందు ఏది మార్చాలి?

కంప్యూటర్ షాపులో అడిగితే అన్నీ మార్చమంటారు. అవసరం లేదు. ఏ పని దగ్గర ఆగిపోతోందో చూసి అదే మార్చాలి.

పొరలు తెరిచేటప్పుడే కంప్యూటర్ బిగుసుకుపోతే కొరత ర్యామ్‌లో ఉందన్నమాట. ర్యామ్ చాలనప్పుడు మిషన్ హార్డ్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. డిస్క్ దానికంటే ఎన్నో రెట్లు నిదానం, అందుకే మౌస్ కూడా కదలదు. ఈ పనికి 16 గిగాబైట్లు కనీసం, 32 ఉంటే హాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది. పాత 32 బిట్ విండోస్ మీద ఎంత ర్యామ్ పెట్టినా 4 గిగాబైట్లకు మించి వాడుకోలేదు. అందులోనూ ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు మామూలుగా అందేది 2 గిగాబైట్లే. విండోస్, సాఫ్ట్‌వేర్ రెండూ 64 బిట్‌వి అయితేనే కొన్న ర్యామ్‌కు ఫలితం ఉంటుంది. పెద్ద గది కట్టి తలుపు పెట్టకపోతే ఏం లాభం?

పొరలు బాగానే తెరుచుకుని, బొమ్మను తిప్పేటప్పుడు మాత్రం తడబడితే అది గ్రాఫిక్స్ కార్డు సంగతి. మామూలు పెద్ద తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి, అంటే ఇరవై లక్షలకు పైనే. బొమ్మను కొంచెం తిప్పిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక్కో చుక్క నుండి పొరల దొంతరలోకి ఒక ఊహా కిరణాన్ని పంపి, దారిలో వందలాది చోట్ల అంకెలు చదివి, ఆ చుక్కకు రంగు నిర్ణయిస్తుంది. ప్రధాన ప్రాసెసర్‌లో ఈ పని చేసే చేతులు కొన్నే. గ్రాఫిక్స్ కార్డులో వేలాది చిన్న చేతులు ఒకేసారి పనిచేస్తాయి. వరి నాట్లకు ఒక్క మనిషి దిగడానికీ, ఊరంతా దిగడానికీ ఉన్నంత తేడా. అయితే పొరల దొంతర మొత్తం ఆ కార్డు సొంత మెమరీలో పట్టాలి. మన పనికి 8 గిగాబైట్ల కార్డు చాలు. పిల్లలు ఆటలకు కొనే అత్యంత ఖరీదైన కార్డు ఇక్కడ దండగ అని నా అభిప్రాయం.

కార్డు కొనేముందు మూడు విషయాలు చూడాలి: డబ్బాలో దానికి చోటు ఉందా, పవర్ సప్లైకి అంత శక్తి ఉందా, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన జాబితాలో ఆ కార్డు ఉందా. పాత ఆఫీసు కంప్యూటర్లలో పవర్ సప్లై చిన్నది. పెద్ద కార్డు పెడితే సరిగ్గా లెక్క మధ్యలో ఆరిపోతుంది. ఎస్.ఎస్.డి. డిస్క్ పెడితే స్కాన్ త్వరగా తెరుచుకుంటుందే తప్ప బొమ్మ తిరిగే వేగం పెరగదు. ఇవన్నీ ఎంత మంచివైనా మన వేసవికీ, దుమ్ముకూ, కరెంటు కోతకూ తట్టుకోవాలి. యు.పి.ఎస్. లేకుండా ఈ కంప్యూటర్ పెట్టకూడదు.

సాఫ్ట్‌వేర్ మాటకొస్తే

స్కాన్ మిషన్‌ను నడిపే కంప్యూటర్ వేరు, బొమ్మలు తయారుచేసే కంప్యూటర్ వేరు. మొదటిదాన్ని కంపెనీ ఇంజనీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అది వైద్య పరికరంలో భాగం. మనం మార్చుకోగలిగింది రెండోదాన్నే.

విండోస్ పాతదైతే ఏమవుతుందిలే అనుకునేవారు 2017 మే నెలను గుర్తు చేసుకోవాలి. “వన్నాక్రై” అనే వైరస్ బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లను స్తంభింపజేసింది. వేలాది మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. రక్షణ సవరణలు వేయని కంప్యూటర్లే ఎక్కువగా దాని బారిన పడ్డాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ సహాయం 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు కొన్ని పాత కంప్యూటర్లు అసలు అర్హం కావు. కాబట్టి దాతలకు ఒక మనవి. మీ ఆఫీసులో మార్చేసిన పాత కంప్యూటర్లు ఇస్తామన్నందుకు కృతజ్ఞులం, కాని అవి ఈ పనికి రావు. ఆ మొత్తంలో కొంత ర్యామ్‌కో, యు.పి.ఎస్.కో ఇస్తే ఎక్కువ ఉపయోగం.

ఆసుపత్రులకు అమ్మే సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఖరీదు చాలాసార్లు కంప్యూటర్ ఖరీదును మించిపోతుంది. పైగా కొన్ని లైసెన్సులు పాత మిషన్‌కే ముడిపడి ఉంటాయి, మిషన్ మారిస్తే మళ్లీ కంపెనీని అడగాలి. ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. బ్రెజిల్ దేశంలో ప్రభుత్వ ఆసుపత్రులకు కొనే స్తోమత లేదని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 2001లో “ఇన్‌వెసాలియస్” అనే సాఫ్ట్‌వేర్ తయారీ మొదలుపెట్టింది. అమెరికాలో 1998 ప్రాంతంలో ఒక విద్యార్థి పరిశోధనగా మొదలైన “త్రీడీ స్లైసర్” కూడా ఉచితమే. అయితే స్లైసర్ పరిశోధన కోసం ఉద్దేశించినది, రోగ నిర్ధారణకు ఆమోదం పొందినది కాదు. సర్జన్ ఆపరేషన్ గురించి ఆలోచించుకోవడానికి, కుటుంబానికి వివరించడానికి అది తోడ్పడుతుంది. రిపోర్టు రాయడానికి మాత్రం ఆమోదం ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి.

అందమైన బొమ్మ అబద్ధం చెప్పవచ్చు

ఈ సంగతి ప్రతి కుటుంబానికీ తెలియాలి. త్రీడీ బొమ్మలో ఏ అంకెకు పైన ఉన్నదంతా ఎముక అని చూపించాలో నిర్ణయించేది మనిషి. ఆ గీత కొంచెం పైకి జరిపితే కంటి గుంత గోడలాంటి పల్చని ఎముక మాయమై, అక్కడ రంధ్రం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి రంధ్రం ఉండదు. కిందికి జరిపితే ఎముక ఉబ్బి, వెంట్రుకవాసి పగులు పూడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి పగులు ఉంటుంది! పంటిలో లోహం ఉంటే బొమ్మంతా ముళ్లు మొలిచినట్టు వస్తుంది. అందుకే రేడియాలజిస్టు ఎప్పుడూ పొరలనే ఒక్కొక్కటిగా చదివి రిపోర్టు రాస్తారు. ఎంత గొప్ప కంప్యూటర్ కొన్నా ఇది మారదు. సినిమాల్లో వెలుగునీడల లెక్కతో ఫొటోలాగే కనిపించే బొమ్మలు ఇప్పుడు వస్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. కాని స్కాన్‌లో లేని సమాచారాన్ని అవి కొత్తగా తీసుకురాలేవు.

మరి ఎవరికి ఉపయోగం? మోటార్ సైకిలు ప్రమాదంలో ముఖం ఎముకలు ముక్కలైనవారికి, తుంటి గిన్నె విరిగినవారికి, పుర్రె అతుకులు ముందే మూసుకుపోయిన పసిబిడ్డలకు, వెన్ను గూని ఉన్నవారికి, మెదడు రక్తనాళంలో బుడగ ఉన్నవారికి. ఏ ముక్క ఎటు జరిగిందో, ఎక్కడ ప్లేటు పెట్టాలో సర్జన్ ముందే చూసుకోగలరు. న్యుమోనియాకు, టి.బి.కి, మెదడులో రక్తస్రావం ఉందో లేదో చూడడానికి త్రీడీ బొమ్మ వల్ల ఒరిగేదేమీ లేదు. “డబ్బు కడతాం, బొమ్మ ఇవ్వండి” అని ఒత్తిడి చేయవద్దు.

మీరు చేయవలసిన పని ఒకటుంది. స్కాన్ తీయించుకున్న చోట ఫిల్ముతోపాటు సి.డి. అడగండి. “పల్చని పొరలన్నీ, డైకామ్ రూపంలో” అని చెప్పండి. డైకామ్ అనేది అన్ని కంపెనీల మిషన్లకూ ఉమ్మడి భాష లాంటిది. అలా రాసిన సి.డి. ఏ ఆసుపత్రిలోనైనా తెరుచుకుంటుంది. పల్చని పొరల సమాచారం స్కాన్ మిషన్‌లో ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు, చోటు కోసం చెరిపేస్తుంటారు. కాబట్టి నెల తరువాత కాక ఆ రోజే అడగాలి. ఫిల్మును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపితే దాని నుండి త్రీడీ బొమ్మ చేయలేం. సరైన సి.డి. లేనందువల్ల మళ్లీ స్కాన్ తీయవలసి వస్తే ఖర్చు ఒకటే కాదు, తల స్కాన్‌కు సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ మళ్లీ పడుతుంది. ప్రపంచ సగటున మనిషి మీద ప్రకృతి నుండి ఏడాదికి పడేది 2.4. పెద్దలకంటే పిల్లల విషయంలో దీన్ని ఎక్కువ పట్టించుకోవాలి.

ఇంట్లో సి.డి. డ్రైవ్ లేకపోతే ఎవరి దగ్గరైనా ఫోల్డర్ మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయించుకోండి. ఒకటి రెండు ఫైళ్లు ఏరుకుంటే దొంతరలో చక్రాలు తప్పిపోతాయి. ఆ కాపీని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. తల స్కాన్ నుండి చర్మం పొరను కూడా బొమ్మగా చేయవచ్చు, ముఖం గుర్తుపట్టేంతగా వస్తుంది. పేరు, వయసు కూడా అందులోనే ఉంటాయి. కంప్యూటర్ మార్చినప్పుడు పాత హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చెరిపి గాని ఆసుపత్రి గడప దాటించకూడదనేది కూడా ఇందుకే.