నాటు తుపాకి ఇంతకాలం ఎలా బతికింది?

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దు గ్రామాల్లో పోలీసులు, అటవీ సిబ్బంది పట్టుకున్న నాటు తుపాకుల ఫొటోలు అప్పుడప్పుడూ జిల్లా పేజీల్లో కనిపిస్తుంటాయి. పొడవాటి ఇనుప గొట్టం, చెక్క మడమ, మందు కూరడానికి ఓ కడ్డీ. పందొమ్మిదో శతాబ్దంలోనే సైన్యాలు వదిలేసిన యంత్రమిది. అడవి మాత్రం దీన్ని వదల్లేదు.

ఈ తుపాకిని మూతివైపు నుంచే నింపాలి. ముందు మందు, ఆ పైన సీసపు గుళ్లు. తుపాకిమందులో ఉండేవి మూడే: సురేకారం, గంధకం, బొగ్గుపొడి. వేడెక్కిన సురేకారం ఆక్సిజన్‌ను వదులుతుంది. అందుకే గాలి చొరబడని గొట్టం అడుగున కూడా మందు భగ్గుమంటుంది. ఆ వాయువుల తోపుడుకే గుళ్లు దూసుకుపోతాయి. మందు మండాక మిగిలేదాంట్లో సగానికి పైగా ఘనపదార్థమే. పేలగానే కమ్ముకునే తెల్లటి పొగ, గొట్టంలో పేరుకునే మసి అదే.

లోపలి మందుకు నిప్పు అందించడమెలా? ఈ తుపాకి చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మొదట వెలుగుతున్న వత్తి, తర్వాత చెకుముకి రాయి. రాయి రాల్చిన రవ్వకు బయటి పళ్లెంలోని మందు మెరిసి, ఆ నిప్పు లోపలికి పాకేలోపే నీటిపక్షులు ఎగిరిపోయేవి. స్కాట్లాండ్‌లోని బెల్‌హెల్వీలో మతబోధకుడు, వేటగాడు అయిన అలెగ్జాండర్ ఫోర్సైత్‌ను వేధించింది ఆ మెరుపే. దెబ్బ తగిలితే చాలు అంటుకునే రసాయనంతో ఆయన 1807లో కొత్త పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆ దారిలోనే చిన్న రాగి టోపీ వచ్చింది. వానలోనూ తుపాకి పేలడం మొదలైంది. 1860ల నుంచి వెనకవైపు తూటా పెట్టే తుపాకులు సైన్యాల్లోకి రావడంతో మూతి నుంచి నింపే పద్ధతికి కాలం చెల్లింది.

అయితే తూటాకు ఫ్యాక్టరీ కావాలి. 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకెళ్లింది. తూటాలు లేని పోలీసు తుపాకి మన్యంలో ఒట్టి ఇనుమే. నాటు తుపాకికి ఆ బెంగ లేదు. ఊరి కమ్మరి కొలిమి, సంతలో దొరికే సరుకు ఉంటే చాలు. అదే దాని బలం, అదే దాని ప్రమాదం. ఆ గొట్టం ఎంత ఒత్తిడికి ఆగుతుందో పరీక్షించేవారు లేరు. మందు ఎక్కువైతే పేల్చినవాడి చేతిలోనే పగులుతుంది.

చట్టం కూడా దీనికో చోటిచ్చింది. పంట కాపలాకు మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. కానీ పంట కోసం పట్టిన తుపాకి పొలం గట్టు దగ్గరే ఆగదు.

తూర్పు కనుమల బెట్టుడుతను చూడండి. తోకతో కలిపి మీటరు దాకా పొడవుండే ఈ జంతువు నేలకు దిగడం అరుదు. ప్రమాదం పసిగడితే పారిపోకుండా కొమ్మకు అతుక్కుని కదలకుండా ఉండిపోతుంది. గద్ద కన్నుగప్పడానికి ఆ ఉపాయం పనికొస్తుంది. కింద నిలబడి గురిచూసే మనిషికి మాత్రం అంత సులువైన లక్ష్యం మరొకటి ఉండదు. పైగా ఒక్క గుండు కాదు, చెదిరి వచ్చే గుళ్ల జల్లు. ఈతకు ఒకటి రెండు పిల్లలే పెట్టే ఈ జీవి ఆ నష్టాన్ని తొందరగా పూడ్చుకోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీని వేటను నిషేధించింది.

నాటు తుపాకి అడవిని వీడాలి. దాడులు చేసి పట్టుకున్నంత మాత్రాన అది జరగదు, ఎందుకంటే ఒకటి పోతే కొలిమిలో మరొకటి తయారవుతుంది. అడవిపందులు పంట తొక్కేసిన రైతుకు పరిహారం ఆలస్యం లేకుండా అందాలి. ఆకు కదలికను బట్టి జంతువును గుర్తుపట్టే కోయ, కొండరెడ్డి యువకులకు అడవి కాపలాలో స్థిరమైన ఉద్యోగాలు రావాలి. ఇన్నేళ్లు ఈ యంత్రాన్ని బతికించింది అవసరమే కాబట్టి, ఆ అవసరం తీరిన నాడే దాని ఆయుష్షు తీరుతుంది.