ముకుత్రాడు తెగిన ఎలుగుబంట్లు

మన గ్రామములలో నలుబది యేండ్లు దాటినవారిని విచారించినచో, చిన్ననాట ఎలుగుబంటి ఆట చూడనివారు అరుదుగా కనిపింతురు. డమరుకపు చప్పుడు వినబడుటయే తడవుగా పిల్లలు వీధిలోనికి పరుగెత్తెడివారు. ఆడించువాడు కర్ర యెత్తగానే ఆ మృగము వెనుక కాళ్లపై లేచి అటు నిటు ఊగెడిది. భయము పోవునని తల్లులు బిడ్డలను దాని వీపుపై కూర్చుండబెట్టెడివారు. దాని వెండ్రుకలను తాయెత్తులో నుంచి మెడలో కట్టెడివారు. ఆట ముగిసిన పిదప చేటెడు బియ్యమో, కొంత చిల్లరయో ముట్టెడిది. ఆ ఎలుగు ముక్కులోనికి త్రాడు ఎట్లు వచ్చినదో, ఆ నృత్యమును ఎవరు నేర్పిరో అడిగినవారు తక్కువ. ఆ ప్రశ్నకు సమాధానమును, త్రాడు తెగిన తరువాత ఆ జంతువులు చేరుకొన్న చోటును గూర్చియు ఈ ప్రసంగమున వివరింపదలచితిని.

ఆగ్రానుండి ఢిల్లీకి పోవు రహదారిలో, అక్బరు సమాధి యున్న సికంద్రా దాటిన పిదప, కీఠం అను సరస్సు కలదు. దీనికే సూర్ సరోవరమని మరియొక పేరు. ఇది పక్షుల అభయారణ్యము. 2020లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రాంసార్ చిత్తడినేలల పట్టికలో చేరినది. ఈ అరణ్యపు ఆవరణలోనే ఆగ్రా భల్లూక రక్షణ కేంద్రము నెలకొనియున్నది. 1995లో కార్తీక్ సత్యనారాయణ, గీతా శేషమణి అనువారు స్థాపించిన వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అను సంస్థ, ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి 1999లో దీనిని ఏర్పాటు చేసినది. ఆటకత్తెలైన ఎలుగులు ఇక్కడికి వచ్చుట 2002 డిసెంబరులో ఆరంభమైనది. మన దేశపు ఎలుగుజాతికి ప్రపంచములో ఇంతకంటె పెద్ద ఆశ్రయము మరొకటి లేదు.

ముందుగా ఆ జంతువును కొంత యెరిగియుండవలెను. పటమునందు మనము చూచు మంచుదేశపు తెల్ల ఎలుగు వేరు, మన కొండల ఎలుగు వేరు. ఇది భారత, నేపాళ, సింహళ దేశములలో మాత్రమే నేడు నిలిచియున్న జాతి. 1791లో జార్జి షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను చూచి, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు మందగామి జంతువులకు ఇది చుట్టమని భ్రమించి, ఆ వర్గమున చేర్చెను. పొరపాటు తరువాత సవరింపబడినను, ఆంగ్లమున ఆ పేరే నిలిచిపోయినది. నిజమునకు ఇది మందకొడి కాదు. భల్లూకపు పట్టు అను మన నానుడియే అందులకు సాక్ష్యము.

దీని ప్రధానాహారము చెదలు, చీమలు. పుట్టను గోళ్లతో త్రవ్వి, ముక్కు రంధ్రములను మూసికొని, పెదవులను గొట్టమువలె ముందునకు చాచి, చెదపురుగులను పీల్చివేయును. అందులకు అనువుగా పైదవుడ నడుమ ముందుపండ్లు రెండు దీనికి పుట్టుకతోనే యుండవు. తేనెయన్నను, ఇప్పపూవన్నను, నేరేడు, రేగు, తునికి, సీతాఫలములన్నను దీనికి మిక్కిలి ప్రీతి. తిన్న పండ్ల గింజలను అడవియంతట విడిచి, క్రొత్త మొక్కలు మొలచుటకు తోడ్పడును. తల్లి ఒకటి రెండు పిల్లలను గుహలో ఈని, అవి బయటికి వచ్చిన తరువాత చాల నెలలపాటు వీపుపై మోసికొని తిరుగును. ఎలుగుజాతులన్నిటిలో పిల్లలను ఇట్లు నిత్యము వీపున మోయునది ఇదియొక్కటియే. వీథులలో ఆడిన ప్రతి యెలుగు కథయు ఈ వీపునుండి విడదీయుటతోనే మొదలైనది.

వేటగాండ్రు సాధారణముగా తల్లిని చంపియే పిల్లను ఎత్తుకొనిపోయెడివారు. పిల్లకు కొన్ని నెలల వయస్సు వచ్చునప్పటికి, ఎఱ్ఱగా కాల్చిన ఇనుప చువ్వతో దాని మూతిని పొడిచి, ఆ గాయములోనుండి త్రాడు దూర్చెడివారు. మత్తుమందు అను మాటయే లేదు. కోరపండ్లను విరుగగొట్టుట, గోళ్లను కత్తిరించుట తరువాతి పనులు. మానని పుండులోని త్రాడును పైకి లాగినపుడు, బాధ తగ్గించుకొనుటకు ఎలుగు వెనుక కాళ్లపై నిలుచును. త్రాడు కదలినపుడెల్ల తానును కదలును. మనము నృత్యమని చూచి చప్పట్లు చరచినది దీనినే.

ఇది చట్టవిరుద్ధము కాదా యని సందేహము కలుగవచ్చును. 1960లోనే జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుగును పట్టుటను నిషేధించినది. 1998లో కేంద్ర ప్రభుత్వము ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహములను ప్రదర్శనలలో ఆడింపరాదని ప్రకటించినది; 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఆ ప్రకటనను సమర్థించినది. ఐనను 1990వ దశకపు నడుమ లెక్క తీసినప్పుడు దేశములో సుమారు 1,200 ఎలుగులు వీథులలో ఆడుచునే యుండెను. చట్టము కాగితముపై నుండగా ఆట వీథిలో ఎట్లు నడచినది? కారణములు రెండు. పట్టుకొన్న జంతువును ఉంచుటకు తగిన తావు లేదు. దానిని నమ్ముకొన్న కుటుంబమునకు వేరొక జీవనాధారము లేదు. ఈ రెండవది మొదటిదానికంటె కఠినమైన చిక్కు.

ఈ వృత్తిని ముఖ్యముగా సాగించినవారు కలందరులను సంచారజాతి. మొగలు ప్రభువుల కాలమున వారి పెద్దలు కొలువులలో వినోదము కూర్చెడివారని చెప్పుకొందురు. కొలువులు పోయిన పిదప వీథులే వారికి మిగిలినవి. తాత తండ్రులనుండి వచ్చిన విద్య యిదియొక్కటియే. చదువు లేదు, భూమి లేదు. వారిని క్రూరులని తిట్టి జైలుకు పంపినంత మాత్రమున, ఇంటనున్న బిడ్డల ఆకలి తీరదు. మరల వేరొక పిల్ల యెలుగు కొనబడును. అందుచేత రక్షణ సంస్థ వారితో ఒడంబడిక పద్ధతి నవలంబించినది. ఎలుగును అప్పగించి, ఇకమీదట ఈ వృత్తి చేయమని వ్రాసియిచ్చినవారికి క్రొత్త జీవనము ప్రారంభించుటకు ధనసహాయము లభించును. కొందరు ఆటోరిక్షాలు నడపిరి. కొందరు చిల్లర దుకాణములు పెట్టిరి. స్త్రీలు కుట్టుపని నేర్చిరి. పిల్లలు బడికి పోయిరి. ఇట్లు 600కు పైగా ఎలుగులు ఆగ్రా, బెంగుళూరు దగ్గరి బన్నేరుఘట్ట మున్నగు కేంద్రములకు చేరినవి. 2009 డిసెంబరులో రాజు అను ఎలుగు చేరుటతో, మన దేశమున ఈ ఆట ముగిసినట్లు ప్రకటింపబడినది.

కేంద్రమునకు వచ్చిన జంతువునకు మొట్టమొదట జరుగు సంస్కారము త్రాడు కోయుట. మత్తు ఇచ్చి, త్రాటిని తొలగించి, పుండును శుభ్రపరచి కట్టుదురు. ఆ మీద కొంతకాలము వేరుగా నుంచి, క్షయవంటి అంటురోగములు కలవేమో పరీక్షింతురు. చాల యెలుగులకు పండ్లు పుచ్చియుండును. కొన్నిటికి చూపు లేదు. అవి స్థిమితపడిన తరువాత విశాలమైన ఆవరణలలో తోడివాటితో విడుతురు. ధాన్యముతో కాచిన జావ, తేనె, ఋతువునుబట్టి పుచ్చకాయలు, ఖర్జూరములు మొదలగు పండ్లు వాటి యాహారము. జావ ఏల యనగా, కోరలు విరిగిన నోటికి గట్టి తిండి తగదు. తేనెను దుంగల తొర్రలలో దాచిపెట్టుదురు. వెదకి తినుటలోనే ఎలుగు మరల ఎలుగగును.

గత శీతకాలమున మథుర, బృందావనములు సేవించుటకు వెళ్లినప్పుడు మేము సకుటుంబముగా ఈ కేంద్రమును దర్శించితిమి. కేంద్రపు ఉద్యోగి ఒకరు వెంట నుండి వివరించుచుండిరి. ఒక ముసలి యెలుగు కంచె ప్రక్కన నిలిచి తల నిటునటు ఊపుచుండెను. మా అమ్మాయి దానిని చూచి, “త్రాడు తీసేశారుగా, ఇంకా ఎందుకు ఆడుతోంది?” అని అడిగినది. అది ఆట కాదనియు, ఏండ్ల తరబడి కట్టివేయబడిన జంతువునకు పట్టుకొన్న అలవాటనియు, కొన్నిటికి క్రమముగా తగ్గుననియు, కొన్నిటికి చివరివరకు పోదనియు ఆ ఉద్యోగి చెప్పెను. మా అమ్మగారు అంతవరకు మౌనముగా నుండి, “నీ మెడలో కూడా ఆ వెంట్రుకల తాయెత్తు కట్టించానురా, అప్పుడు ఇదంతా ఎవరికి తెలుసు?” అని నాతో అనిరి. తరువాత ఆమె చాలసేపు ఆ కంచెకడనే నిలిచియుండిరి.

ఇట్టి చోటికి పిల్లలను తీసికొనిపోవువారు ముందుగా తెలిసికొనవలసిన విషయము ఒకటి కలదు. ఇది జంతుప్రదర్శనశాల కాదు. ప్రదర్శనశాలలో జంతువు మనకు కనబడునట్లు ఏర్పాటు లుండును. ఇచ్చట దానికి ఇష్టము లేనిచో పొదల చాటున నుండుటకు హక్కు కలదు. రెండు గంటలు తిరిగియు ఒకటి రెంటిని మాత్రమే చూచి రావలసి యుండవచ్చును. ఇచ్చట సంతానవృద్ధి చేయింపరు. ఆశ్రయము కోరి వచ్చువానికే చోటు. సందర్శనమునకు ముందుగా తెలియపరచి అనుమతి పొందవలెను. కేకలు వేయరాదు, తినుబండారములు విసరరాదు, తాకవలెనని అడుగరాదు. పిల్లలకు ఈ నియమములను కారణములతో చెప్పినచో, వారు పెద్దలకంటె చక్కగా పాటింతురు. బాధాకరమైన కథను పసివారికి ఎంతవరకు చెప్పవచ్చునను సంకోచము సహజమే. వారడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పుట చాలును. అడుగని దానిని వర్ణింప నక్కరలేదు.

ఈ యెలుగులను మరల అడవికి పంపరాదా యని చాలమంది అడుగుదురు. పంపరాదు. కోరలు లేనిది, గోళ్లు లేనిది, తల్లివద్ద పుట్ట త్రవ్వుట నేర్వనిది, మనుష్యునకు భయపడనిది అడవిలో బ్రతుకలేదు. కాబట్టి రక్షణ కేంద్రము ఎంత గొప్పదైనను, అది జరిగిన హానికి చేయు ఉపశమనమే కాని, పోయిన దానిని తిరిగి ఇచ్చునది కాదు. అడవిలో నున్నవాటిని అడవిలోనే నిలుపుట అసలు రక్షణ.

ఈ మాట ఉత్తరదేశమునకే కాదు, మనకును చెందును. శ్రీకాకుళపు ఉద్దానములో జీడి, పనస తోటలకు ఎలుగులు దిగివచ్చుట, అనంతపురము కొండలనుండి కల్యాణదుర్గపు చుట్టుప్రక్కల ఊళ్లలో జొరబడుట మనము తరచు వినుచున్నాము. కొండలు పిండియై, పొదలు చదునై, నీటిగుంటలు ఎండినపుడు, అవి తిండికొరకు మన తోటలకు రాక ఎచ్చటికి పోవును? ఎదురుపడిన ఎలుగు ప్రాణభీతిచే మీదపడును. దానిచే గాయపడిన రైతు దుఃఖమును తేలికగా చూడరాదు. అతనికి సకాలమున పరిహారము, ఊరికి ముందు హెచ్చరిక, కొండకు మరల పండ్లచెట్లు, నీరు—ఇవి యన్నియు కలిసియే పరిష్కారము. కలందరు ఆకలిని పట్టించుకొన్న తరువాతనే వీథిలో త్రాడు తెగినది. రైతు భయమును పట్టించుకొన్న నాడే కొండపై ఎలుగు నిలుచును.

రామాయణమున కపిసేనకు ఆలోచన చెప్పిన వృద్ధుడు జాంబవంతుడు. అతని కుమార్తె జాంబవతి శ్రీకృష్ణుని పత్ని. అట్టి బంధుత్వమును కథలలో చెప్పుకొన్న మనము, ఆగ్రాకు పోయి తాజమహలును చూచినపుడు, మరి రెండు గంటలు మిగుల్చుకొని కీఠం వైపు కూడ పోవుట మంచిది. అచ్చటి చెట్ల నీడలో, ఎవరి కర్రకును లేవ నక్కరలేక, పగటివేళ నిద్రించుచున్న ఎలుగును పిల్లలకు చూపవచ్చును.