ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొదుపు

మైక్రోఫోను పుట్టించే విద్యుత్ సంకేతం తరచు వోల్టులో వెయ్యవ వంతే. దానిని నేరుగా వాల్వుకు అందిస్తే పాటతోపాటు వాల్వు బుస కూడా వినిపిస్తుంది. అందుకే పాత ప్రీ యాంప్లిఫయర్లలో తొలి మెట్టు ట్రాన్స్‌ఫార్మర్. చుట్లు ఒకటికి పది చొప్పున ఉంటే, వాల్వును చేరకముందే వోల్టేజి పది రెట్లవుతుంది. దీనికి కరెంటు ఖర్చు లేదు. సొమ్ము ఖర్చే అధికం: నికెల్ మిశ్రమలోహపు కోరు, వెంట్రుకవంటి రాగితీగ, మెయిన్స్ రొద సోకకుండా మ్యూ మెటల్ తొడుగు.

నా మట్టుకు పొదుపు చేయదగినది చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. వాల్వు కరెంటు దాని చుట్లలో నేరుగా పారితే కోరులో గాలి సందు విడవాలి. మంద్రస్వరం పలుచబడకుండా కోరును పెంచాలి. కేబుల్ పొట్టిదైతే ఆ స్థానంలో కేథోడ్ ఫాలోయర్‌గా ఒక వాల్వు చాలు.

1950 దశకం చివర లండన్‌లో ఇ.ఎమ్.ఐ. ఇంజనీర్లు జర్మన్ వి72ఎస్ యాంప్లిఫయర్లకు బదులు రెడ్ 47ను స్వయంగా రూపొందించుకున్నప్పుడు సైతం ముందరి ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసివేయలేదు.