తోలు అట్టపై పాత ముద్రలు

మన తాటాకు గ్రంథములకు కొయ్య పలకలే రక్షణ. ఐరోపాలో 15వ శతాబ్దమునాటి గ్రంథములకును పలకలే యుండెడివి గాని, వానిపై తోలు తొడిగెడివారు. జర్మన్ బైండరు ఆ తోలును తడిపి, ఇత్తడి ముద్రను కాచి, చేతితో అదిమెడివాడు. సాధారణముగా బంగారు రేకు లేదు, రంగు లేదు. వేడికి నల్లబడిన గుంటయే బొమ్మ. ఆ బైండరులలో పలువురు పేరు చెప్పుకొనలేదు. ఏ గ్రంథము ఎక్కడ బైండు చేయబడినదో తెలిసికొనుటకు మనకు తరచుగా మిగిలినది ఆ ముద్రల ఆకారమే.

గులాబి, సింహము, లిల్లీపువ్వు అన్ని ఊళ్లలోను ఉన్నవే. కాని ప్రతి ముద్రయు చేతితో చెక్కినదే గదా! ఒక గులాబికి ఐదు రేకులైన మరొక దానికి ఆరు. ఒక సింహము తోక మడిచినది, మరొకటి నిక్కించినది. బొమ్మ ఒకటియైనంత మాత్రమున ముద్ర ఒకటి కాదు.

చిక్కు ఇక్కడనే యున్నది. తోలు ఎండి కుదించుకొనును. గట్టిగా నొక్కిన గీత వెడల్పగును. ముద్ర ఒరిగినచో ఒక అంచు పడనే పడదు. ఇవి చేతిలోని భేదములు, ముద్రలోనివి కావు. ఒకే అట్టపై ఒకే ముద్ర అనేక మార్లు పడియుండును గనుక అన్నిటిని పోల్చవలెను; ప్రతిచోట కనబడు లోపమే ముద్రది. వాడగా వాడగా రేకు అంచున బీట ఏర్పడినదనుకొందము. బీట లేని అట్ట ముందుది, ఉన్నది తరువాతిది. మాకు ఈ విద్యలో మిక్కిలి నచ్చినది ఇదియే: తారీఖు లేని పుస్తకములకు చెడిన పనిముట్టు వరుస చెప్పుచున్నది.

పోల్చుటకు పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దుదురు. పిల్లలు నాణెముపై చేయు పనియే. బెర్లిను గ్రంథాలయాధికారి పాల్ ష్వెంకె (1853–1921) ఇట్టి నకళ్లను పోగుచేసెను. 1950ల దశకమున ఎర్నెస్ట్ కిరిస్ ఆ ముద్రలను బైండింగు శాలల వారీగా వర్గీకరించి ప్రకటించెను.

1455 ప్రాంతమున మైంజులో వెలువడిన గుటెన్‌బర్గు బైబిలుపై అచ్చువేసినవాని పేరు లేదు, సంవత్సరము లేదు. కాని ఇంగ్లండులో ఈటన్ కళాశాలయందున్న ప్రతిని బైండు చేసినవాడు ఎర్ఫర్టు పట్టణపు యొహానెస్ ఫోగెల్ అని తెలియుచున్నది. అతనికి తన పేరుగల ముద్ర యుండెను. పేరు లేని అట్టలపై అతని ఇతర ముద్రలు కనబడినచో అవియు అతని పనియేనని ఊహింపవచ్చును. అయితే పనిముట్లు చేతులు మారెడివి, ఊళ్లు మారెడివి. అందుచే ఒక్క ముద్రను బట్టి నిర్ణయింపరాదు. మూడు నాలుగు ముద్రలు ఒకే అట్టపై కలిసి కనబడవలెను.