విశాఖ గాలికి కొండల అడ్డు

విశాఖ పాతనగరంలో పొద్దున ఊడ్చిన అరుగు మీద సాయంత్రం వేలు రాస్తే నల్లగా అంటుతుంది. పోర్టులో దిగే బొగ్గు పొడి మీద అక్కడివాళ్ల ఫిర్యాదు ఈనాటిది కాదు. ఆరేసిన బట్టలు దులిపి మరీ మడతపెట్టాలి.

కంటికి కనబడే ఆ మసి ఒక రకంగా నయమే. చాలామటుకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అసలు భయం పీఎం 2.5తోనే. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతుండే ఈ రేణువులు ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి. మరీ సన్నవి నెత్తుట్లోనూ కలుస్తాయి. ఉబ్బసంతో పోదు, గుండెపోటు, పక్షవాతం ముప్పూ పెరుగుతుంది.

ఊరు కూర్చున్న తీరూ కలిసిరాలేదు. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండలు, నడుమ పల్లంలో పోర్టు, పరిశ్రమలు. చలికాలం రాత్రుళ్లు నేల చల్లబడి, పైన వెచ్చని గాలిపొర మూతలా పరుచుకుంటే పొగకు పైదారి ఉండదు. వానలు పడితే కాస్త తెరిపి.

ఎండాకాలానిది ఇంకో తంటా: బండ్ల పొగలోని వాయువులు ఎండకు ఓజోన్‌గా మారతాయి. వేడి ముదిరేకొద్దీ అదీ ముదురుతుంది.

2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ పేరూ ఉంది. పీఎం 2.5కు మన ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది మాత్రం 5.